అద్దెకు తెచ్చిన దయ్యం

మద్దిలేటి కొట్లో దినానికి రెండు రూపాయలు.
"రాత్రిపూట చదవాకమ్మా" అనె.
అంటానే, సరిగ్గా దీపాలు పెట్టే పొద్దుకు
చేతిలో పెట్టె.

అట్ట మీద బంగళా.
కిటికీలో పసుప్పచ్చ వెలుగు,
వెలుగులో సగం మొగం.
మిగతా సగం చెదలు తినింది.

కుమ్మరిగేరిలో మాది ఒకటిన్నర గది.
ఆయన డిపోకు నైటు డ్యూటీ పోయినాక
బిడ్డ నోట్లో వేలు జారినాక
మిషను మీది జాకెట్టు ఒళ్లోకి లాక్కొని
బల్బు కింద కూచుంటి.

కథలో వాళ్లది పద్నాలుగు గదుల కొంప.
చవగ్గా వస్తే కొనేస్తారు.
అంత చవగ్గా ఎందుకొచ్చిందని
ఒక్కడన్నా అడగడు!
నవ్వొచ్చె నాకు.
ఎనిమిదొందల బాడుగకు ఈ ఇల్లు దొరికిన్నాడు
మేం మాత్రం అడిగితిమా?

వాళ్లకు మేడ మీద అడుగుల చప్పుడంట.
మాకు మేడ యాడిది,
నాపరాళ్ల కప్పు, దాని మీద పిల్లి.
వాళ్ల తలుపులు వాటికవే మూసుకుంటాయంట.
మా తలుపు భుజం పెట్టి తోసినా మూసుకోదు,
ఎప్పుడో నీళ్లు తాగి ఉబ్బింది.
ఇట్లాంటింట్లో దయ్యానికి చోటేది?
బియ్యం డబ్బా పక్కన మోకాళ్లు ముడుచుకొని
తెల్లారేదాకా కూచోవాల, పాపం.

ఇరవై రెండో పేజీ అంచున పెన్సిలు రాత:
"నాకేం భయం కాలేదు. షంషాద్, టెన్త్ బి."
నలభయ్యో పేజీలో:
"కొంచెం."
డెబ్బై ఆరులో:
"అమ్మ లేచింది. లైటార్పమంటాంది."
ఆ పిల్ల నా పక్కనే
దుప్పట్లో దూరినట్లుండె.
అప్పటినుంచి పేజీ తిప్పేముందు
దానికోసం ఒక గడియ ఆగతాంటి.

నూటా రెండులో గోడ లోపలినుంచి
ఎవురో తడతారు.
అప్పుడు తలెత్తితి.

నిలబడితే నా నెత్తికి మూరెడు పైన
గోడకు అడ్డంగా మట్టిరంగు గీత.
మూడుసార్లు సున్నం కొట్టించినాం.
ముసురు పట్టిందంటే మళ్లా తేలతాది.
"చెమ్మమ్మా" అంటాది ఇంటామె.
ఎదురింటి ఈరమ్మ ఇంకోటి చెప్పింది.
ఆ రాత్రి హంద్రీ నీళ్లు
చుట్టమొచ్చినట్లు మెల్లగా తలుపు తట్టెనంట.
ఎవురూ, అని అడిగి
గడియ తీసినారంట.

గీత కింద నేను.
గీత కింద మిషను, ఉయ్యాల, బియ్యం డబ్బా.
పుస్తకం మూసి ముక్కుకానించుకుంటి:
ఏటి వాసన.

నూటా పన్నెండు. ఆఖరి గది.
కథలో ఆమె గొళ్లెం మీద చెయ్యేసె.
తలుపు అవతల...
పేజీ తిరగలా.
పదమూడు నుంచి చివరిదాకా
రొట్టెలెక్క అతుక్కుపోయినాయి.
బల్బుకు ఎత్తి చూస్తే
ఇటు అక్షరాలూ అటు అక్షరాలూ
ఒకదాంట్లో ఒకటి కాళ్లు పెట్టుకోనుండాయి.
సూది దూర్చితి. అంచు ఈడె,
సన్నని ఒండ్రు రాలె,
గిరాకీ జాకెట్టు మీద.

అడుగున పెన్సిలుతో:
"నిద్రొస్తాంది. మిగతాది రేపు."

ఆ రాత్రి బల్బార్పలేదు నేను.
దయ్యానికి కాదు.
ఆ "రేపు"కి.

తెల్లారి బిడ్డను సంకనేసుకొని కొట్టుకు పోతి.
"షంషాదని ఒక పిల్ల..."
నోరెండిపోయె, మాట సాగలా.
మద్దిలేటి చిల్లర లెక్కపెడతా తలెత్తలేదు.
"మా ఖాదర్ కూతురా? బళ్లారిలో ఇచ్చినారు.
ఇద్దరు పిల్లోళ్లు.
ఆ పొద్దు మిద్దెలు దాటుకుంటా పోయి బతికినారు,
పుస్తకం తర్వాత బురదలో దొరికె.
ఇప్పటికీ పండక్కొస్తే అడుగుతాది,
'మామా, ఆ తలుపెనక ఏముండె?' అని.
నేను చదివితే గదమ్మా!"

నవ్వితి. ఏడిస్తి గూడా, రోంత.
ఇంకో రెండు రూపాయలు బల్ల మీద పెట్టి
పుస్తకం మళ్లా తెచ్చుకుంటి.

ఈ రాత్రి గంజి కుండ ఆవిరి మీద పట్టి
ఒక్కో పేజీ విప్పుతాండా,
షంషాదు కోసం.
గోడ మీద గీత
నా భుజం మీదినుంచి చదువుతాంది.